ప్లాస్టిక్‌కు చెదలు పడితే

పర్యావరణం మీద ఇవాళ మనవాళ్ళు రాస్తున్న కవితల్లో ప్లాస్టిక్‌కు రెండు విశేషణాలు స్థిరపడిపోయాయి. ఒకటి 'చావులేనిది'. రెండోది 'రాక్షసి'. రెండో దాని సంగతి తర్వాత చూద్దాం. మొదటిది శాస్త్రీయంగా నిలిచే మాట కాదు. కర్బనపు గొలుసులతో అల్లిన పదార్థంలో ఇంధనం దాగి వుంటుంది. ఇంధనం వున్నచోట దాన్ని తినగల నోరు ఎప్పుడో ఒకప్పుడు పుట్టే అవకాశం వుంటుంది. ప్లాస్టిక్ విషయంలో ఆ నోరు పుడుతున్నదనడానికి గత యాభై ఏళ్ళుగా ఒకదాని వెంట ఒకటిగా రుజువులు దొరుకుతున్నాయి. సూక్ష్మజీవులు ప్లాస్టిక్‌ను నిజంగానే తిని బతకడం మొదలుపెడితే జరిగేదేమిటి? అది ఎవరికి మేలు, ఎవరికి చేటు? నేను ఇక్కడ వివరించదలచుకున్నది అది.

సాహిత్య పత్రికలో ఈ గొడవ ఏమిటని అడిగేవాళ్ళు వుంటారు. కథలు రాస్తూనే సైన్సు మీదా రాసిన కొడవటిగంటి కుటుంబరావును చదివినవాళ్ళు అడగరు. పైగా ఈ విషయాన్ని మొదట జనంలోకి తెచ్చింది కథకులే. 1970 ఫిబ్రవరిలో బి.బి.సి. టెలివిజన్ 'డూమ్‌వాచ్' అనే ధారావాహికను మొదలుపెట్టింది. ప్లాస్టిక్‌ను తినే సూక్ష్మజీవులే దాని మొదటి భాగానికి ఇతివృత్తం. కిట్ పెడ్లర్, గెర్రీ డేవిస్ అనే ఇద్దరు దాన్ని సృష్టించారు. పెడ్లర్ స్వయంగా వైద్య పరిశోధకుడు. ఆ ఇతివృత్తాన్నే తర్వాత వాళ్ళిద్దరూ నవలగా పెంచారు. బాక్టీరియా ప్రయోగశాల దాటి బయటపడుతుంది, కరెంటు తీగెల మీది తొడుగులు కరిగిపోతాయి, విమానాలు కూలతాయి, మహానగరం స్తంభించిపోతుంది. కథ అలా నడిచింది. నిజం కథకు ఐదేళ్ళు వెనకగా, కథంత ఆర్భాటం లేకుండా వచ్చింది.

1975లో జపాన్‌లో ఒక నైలాన్ కర్మాగారం మురుగునీటి గుంటలో ఫ్లావోబాక్టీరియం తెగకు చెందిన సూక్ష్మజీవి ఒకటి దొరికింది. నైలాన్ తయారీలో మిగిలిపోయే పొట్టి ముక్కలు దాని తిండి. నైలాన్‌ను కనిపెట్టింది 1935లో. అంతకుముందు ఆ ముక్కలు దానికి తిండిగా దొరికే ప్రశ్నే లేదు. అంటే నలభై ఏళ్ళ లోపలే, ఆ గుంటలోనే, వాటిని తినగల ఎంజైములు తయారయ్యాయన్నమాట. అది తిన్నది నైలాన్ బట్టను కాదు, బట్ట కాకుండా మిగిలిన ముక్కల్ని. ఈ తేడాను మనసులో పెట్టుకోవాలి, ముందుముందు పనికొస్తుంది.

రెండో పెద్ద వార్త కూడా జపాన్ నుంచే వచ్చింది. సకాయ్ నగరంలో పాత నీళ్ళ సీసాలను పోగుచేసి మళ్ళీ వాడకానికి తెచ్చే చోట మట్టి, మురుగు, నీరు కలిపి 250 నమూనాలు తీసి వెతికితే, 'పెట్' అనే ప్లాస్టిక్‌ను ప్రధాన ఆహారంగా తినగల బాక్టీరియా బయటపడింది. 2016 మార్చిలో ఆ ఫలితాన్ని ప్రకటించారు. ఆ ఊరి పేరుమీదనే దానికి ఇడియొనెల్లా సకాయెన్సిస్ అని పేరుపెట్టారు. 30 డిగ్రీల వెచ్చదనంలో, పల్చటి పెట్ పొరను అది ఆరు వారాల్లో దాదాపు పూర్తిగా తినేసింది. ఈ పెట్‌ను ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనేవాళ్ళు 1941లో తయారుచేశారు. ఆ లెక్కన దానికి చెద పట్టడానికి డెబ్బై అయిదేళ్ళు పట్టింది. అయితే ప్రయోగంలో వాడిన పొరలో అణువుల అల్లిక వదులుగా వుంది. అంగట్లో దొరికే సీసాలో అదే పదార్థం బిగువుగా పేర్చి వుంటుంది కనుక సీసా దగ్గరికి వచ్చేసరికి ఆ బాక్టీరియాకు పళ్ళు దిగవు.

మా భైంసాకు ఈ పెట్ పరాయిది కాదు. నీళ్ళ సీసాగా కనిపించేదీ, పాలియెస్టర్ చీరగా కనిపించేదీ ఒకటే పదార్థం. భైంసా పత్తి మీద బతికే ఊరు. నల్లరేగడి, జిన్నింగు మిల్లులు, చలికాలం పొడుగునా మార్కెట్టు దారిలో పత్తి బండ్లు, ట్రాక్టర్లు. ఈ పత్తికి ప్రపంచ మార్కెట్లో ఎదురు నిలిచింది పాలియెస్టరే. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే నూలులో సగానికి పైగా పాలియెస్టర్, పత్తి వాటా అయిదో వంతు. పెట్రోలు బావి నుంచి వచ్చిన దారమూ, ముధోల్ తాలూకా చేనులోంచి వచ్చిన దారమూ ఒకే అంగడిలో పోటీపడుతున్నాయి. రెండింటికీ తేడా ఏమిటంటే పత్తి కుళ్ళుతుంది. పత్తి అంటే నూటికి తొంభై వంతులకు పైగా సెల్యులోజ్. సెల్యులోజ్‌ను తినే బూజులు, బాక్టీరియాలు మట్టి నిండా వున్నాయి. అందుకే వాన పడితే పత్తి రంగు మారుతుంది, తడిసిన బేలు ముక్కిపోతుంది. పాలియెస్టర్‌కు ఇంతవరకు ఆ బెడద లేదు. కుళ్ళకపోవడమే దాని బలం, దాని ధర అందులోనే వుంది.

పల్లెల్లో పెంటకుప్ప చూసినవాళ్ళకు నేను చెబుతున్నది ఇంకా తేలిగ్గా బోధపడుతుంది. పేడ, చెత్త, పత్తికట్టె ముక్కలు, తిని పారేసినవి, చినిగిన గుడ్డపేలికలు అన్నీ అందులో పడేవి. ఎండాకాలం తవ్వి చేలకు తోలేనాటికి ఏది ఏదో తెలియని నల్లటి ఎరువుగా మారేవి. ఆ కుప్పలో పనిచేసేది కోటానుకోట్ల సూక్ష్మజీవులు. ఇప్పుడు అదే కుప్ప తవ్వితే కవర్లు వేసినవి వేసినట్టే బయటికొస్తాయి. కుప్పలోని జీవులు మారలేదు, వాటి పళ్ళెంలో పడేది మారింది. కాని రోజూ అదే పళ్ళెంలో అదే పడుతూ వుంటే, ఒకనాటికి ఆ జీవులూ మారతాయి.

ఎలా మారతాయి? ఇక్కడ మన రచయితలు తరచు పొరబడతారు. జీవి 'నేర్చుకుంటుంది', 'తెలుసుకుంటుంది' అని రాస్తారు. జీవి ఏదీ నేర్చుకోదు. కోట్ల సంఖ్యలో విభజన జరుగుతుంటే జన్యువుల్లో పొరపాట్లు దొర్లుతూనే వుంటాయి. వాటిలో చాలామటుకు నష్టం చేసేవో, దేనికీ కొరగానివో. ఎక్కడో ఒకటి కొత్త తిండికి దారి తెరుస్తుంది. ఆ ఒక్కదాని సంతానం మిగతావాటిని మించిపోతుంది. పెట్‌ను కొరికే ఎంజైము ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆకుల మీద నిగనిగలాడే మైనపు పూతను కరిగించడానికి సూక్ష్మజీవులు ఎన్నో యుగాలుగా వాడుతున్న ఎంజైములకు అది దగ్గరి చుట్టం. పాత కొడవలికే కొత్త పదును పెట్టినట్టు.

ఇది నమ్మడానికి జపాన్ దాకా పోనక్కరలేదు. మన పత్తిచేలో గులాబీరంగు పురుగు సంగతి రైతులందరికీ తెలుసు. అది సూక్ష్మజీవి కాదు గాని సూత్రం ఒకటే. బీటీ పత్తికి మనదేశంలో 2002లో అనుమతి ఇచ్చారు. ఆకులోనే, కాయలోనే విషం వుంటుంది, పురుగు ముట్టదన్నారు. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీరంగు పురుగు ఆ విషాన్ని తట్టుకుంటున్నదని విత్తన కంపెనీయే ఒప్పుకోవలసి వచ్చింది. రెండు విషాలు పెట్టిన రెండో తరం విత్తనం కూడా మరికొన్నేళ్ళకే ఓడిపోయింది. మైళ్ళకొద్దీ ఒకే ఆహారం పరిస్తే, దాన్ని తినగల ప్రాణికి అంతకు మించిన ఆహ్వానం వుండదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ అనంతపురం మట్టి. పెరాథియాన్ తరహా పురుగుమందులు 1940ల దాకా భూమ్మీద లేవు. ఆ మందుల్ని విరగ్గొట్టే బాక్టీరియాను 1973లో ఫిలిప్పీన్స్ వరిమడిలో కనుగొన్నారు. 1990లలో అనంతపురం ప్రాంతపు సాగునేలల్లోనూ అలాంటిదే దొరికింది. తర్వాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలో దయానంద సిద్దవట్టం, ఆయన సహచరులు ఆ జన్యువును ఏళ్ళ తరబడి పరిశీలించారు. తేలిందేమిటంటే, ఆ జన్యువు ఒకచోట స్థిరంగా వుండే రకం కాదు. ఒక బాక్టీరియా నుంచి వేరే తెగ బాక్టీరియాలోకి దూకగల ఏర్పాటు దాని అటూ ఇటూ వుంది. సముద్రాలకు ఆవల టెక్సాస్‌లో వేరే తెగలో దొరికిన జన్యువు ఫిలిప్పీన్స్ జన్యువుతో అచ్చు పోలి వుండడానికి కారణం ఈ దూకుడే. ప్లాస్టిక్‌కు ఇది వర్తిస్తుందా అంటే, వర్తించకపోవడానికి నాకు కారణం కనిపించదు. 2021లో స్వీడన్ పరిశోధకులు ప్రపంచమంతటి నుంచి సేకరించిన మట్టి, సముద్రజలాల జన్యుసమాచారాన్ని జల్లెడ పట్టి, పది రకాల ప్లాస్టిక్‌ల మీద పనిచేయగలవనిపించే ఎంజైములు 30 వేలకు పైగా వున్నాయని లెక్క తేల్చారు. ప్లాస్టిక్ కాలుష్యం ఎక్కువ వున్నచోట అవీ ఎక్కువే వున్నాయి. ఇది లెక్కలో తేలిన పోలిక, ప్రతి ఎంజైమునూ పరీక్షించి చూసింది కాదు.

'ప్లాస్టిక్' అని ఒకే మాట వాడుతున్నాం గాని అది ఒక కులం కాదు, అనేక కులాల పేట. పెట్, నైలాన్ వంటి వాటి గొలుసులో నీటితో తెగగల ముడులు వున్నాయి. కవర్లు చేసే పాలిథిన్, బస్తాలు నేసే పాలిప్రొపిలీన్ గొలుసుల్లో ఆ ముడులు లేవు. కర్బనం పక్కన కర్బనం, మొదటి నుంచి చివరిదాకా అంతే. వాటికి చెద పట్టడం చాలా కష్టం. 2024లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, సముద్రపు చెత్త మీద పెరిగే ఒక బూజు, ఎండకు బాగా మాగిన పాలిథిన్‌ను రోజుకు నూటికి 0.05 వంతు చొప్పున కరిగించగలిగింది. ఎండ తగలనిదాన్ని కాదు.

ఆవు పొట్టను చూస్తే ఈ తేడా ఎంత ప్రాణాంతకమో తెలుస్తుంది. సూక్ష్మజీవుల కార్ఖానా అనదగ్గ అవయవం ఏదైనా వుంటే అది ఆవు మొదటి పొట్టే. గడ్డిని పాలుగా మార్చే పనిలో సగం అక్కడే జరుగుతుంది. ఆస్ట్రియాలో 2021లో ఆ పొట్టలోని ద్రవాన్ని పరీక్షిస్తే పెట్‌ను కొద్దికొద్దిగా కొరికే శక్తి దానికి వుందని తేలింది. కాని మన వీధుల్లో ఆవు మింగేది పాలిథిన్ కవరు. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ వాళ్ళు ఆవుల పొట్టలు కోసి పదుల కిలోల ప్లాస్టిక్ ఉండలు బయటికి తీశారు. దాని మీద 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. ఆకలి ఆవుది, కవరు వ్యాపారిది. పొట్టలోని కార్ఖానా ఆ కవరు ముందు నిస్సహాయం.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఒకవేళ పాలిథిన్‌తో సహా అన్నిటికీ చెద పట్టిందనుకుందాం. డూమ్‌వాచ్‌లో లాగా విమానాలు కూలతాయా?

కూలవు. కట్టెను తినే బూజులు, చెదలు మన చుట్టూ వున్నాయి. అయినా తాత కట్టించిన ఇంటి టేకు తలుపు నిలిచే వుంది. తినే జీవికి తిండి వుంటే చాలదు. తడి కావాలి, నత్రజని కావాలి, వేడి అనుకూలించాలి. పొడిగా వున్న తలుపును ముట్టనిది తడినేలలో పాతిన గుంజను మొదట్లోనే కొరుకుతుంది. ప్లాస్టిక్ కూడా అలాగే రెండుగా విడిపోతుంది. గదిలోని కుర్చీ, రేడియో పెట్టె వుంటాయి. మట్టిలో, మురుగులో, నీటిలో వున్నవి పోతాయి. ఏవి అవి? ఊళ్ళలో నేల కింద పరచిన మంచినీటి గొట్టాలు, మురుగు గొట్టాలు, చేలల్లోని డ్రిప్పు పైపులు, భూమిలో వేసిన కేబుళ్ళ తొడుగులు, విషపు చెత్తను పాతిపెట్టేచోట అడుగున పరిచే మందపాటి పొరలు. ఇవి కుళ్ళకూడదనే ప్లాస్టిక్‌తో చేశాం. డబ్బున్నవాడు ఇనుముకో, రాగికో మారతాడు. ఇత్తడి బిందె అమ్ముకుని ప్లాస్టిక్ బిందె కొన్న ఇంటికి మారడానికి ఏమీ మిగలదు. చెత్తకూ, అవసరమైన వస్తువుకూ తేడా సూక్ష్మజీవికి తెలియదు. ఆ తేడా మన సమాజం పెట్టింది.

మనిషి ఒంటిలోనూ తడి వుంది. 2025లో లండన్‌లోని బ్రూనెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకటించిన విషయం నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది. ఆసుపత్రుల్లో పుండ్లకు పట్టి పీడించే సూడోమొనాస్ బాక్టీరియా రకం ఒకటి, కుట్లకూ కట్లకూ శరీరంలో అమర్చే వస్తువులకూ వాడే ఒక ప్లాస్టిక్‌ను తిని బతకగలదని వాళ్ళు చూపించారు. ప్రయోగంలో ఏడు రోజుల్లో నూటికి 78 వంతులు తినేసింది. ఆ ప్లాస్టిక్ శరీరంలో మెల్లగా కరిగేందుకే చేసింది, పాలిథిన్ అంత మొండిది కాదు. అయినా రోగిని కాపాడేందుకు పెట్టిన వస్తువే రోగక్రిమికి బువ్వ కావడం చిన్న విషయం కాదు. తిన్న బాక్టీరియా మరింత మందపాటి జిగురు పొర కట్టుకుంటుందనీ వాళ్ళు గమనించారు. ఆ పొర మందులకు లొంగదు.

అప్పుడు కంపెనీలు ఏం చేస్తాయో ఊహించనక్కరలేదు, ఇప్పటికే చేస్తున్నాయి. మెత్తటి పీవీసీలో కలిపే నూనెలాంటి పదార్థాలను బూజు తింటుందని చాలాకాలం కిందటే తెలుసు. అందుకని అందులో విషం కలుపుతూ వచ్చారు. అలా వాడిన వాటిలో ఆర్సెనిక్ వున్న మందు కూడా వుంది. కుళ్ళే ప్లాస్టిక్‌ను అమ్మడం కష్టం కనుక విషం మోతాదు పెరుగుతుంది, దాన్ని తట్టుకునే జీవి పుడుతుంది, ఇంకో విషం వస్తుంది. పత్తి రైతుకు ఈ బాట కొత్తది కాదు. దాని చివర ఏముందో 1998లో వరంగల్ పత్తిచేలు చూపించాయి.

కుళ్ళిన ప్లాస్టిక్ ఎక్కడికి పోతుందన్నది మరో సంగతి. ఏదీ మాయం కాదు. కిలో పాలిథిన్ పూర్తిగా కుళ్ళితే మూడు కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు వస్తుంది. కాల్చినా అంతే వస్తుంది. సూక్ష్మజీవి చేసేది మంట లేకుండా కాల్చడం. గాలి ఆడని చెత్తగుట్ట అడుగునైతే మీథేన్ కూడా వస్తుంది, భూమిని వేడెక్కించడంలో అది ఇంకా ఉగ్రమైనది. 2015 దాకా ప్రపంచం తయారుచేసిన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులని ఒక లెక్క. అందులో చెత్తగా మారింది 630 కోట్ల టన్నులు. ఆ చెత్తలో మళ్ళీ వాడకానికి వచ్చింది నూటికి తొమ్మిది వంతులు, కాల్చింది పన్నెండు. తక్కిన 79 వంతులూ గుట్టల్లోనో, నేల మీదనో, నీళ్ళలోనో వున్నాయి. అదంతా ఒక విధంగా పాతిపెట్టిన పెట్రోలు.

మా పాత ఆదిలాబాదు జిల్లాలో ఈ సంగతికి పెద్ద సాక్ష్యం నేల కిందే వుంది. బెల్లంపల్లి, మందమర్రి గనుల్లో సింగరేణి కార్మికులు తవ్వింది పాతిక కోట్ల ఏళ్ళు దాటిన చెట్లను. అంత చెట్టు కుళ్ళకుండా ఎలా మిగిలింది? కట్టెకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్‌ను తినగల బూజులు అంతకు కాస్త ముందుదాకా లేవు కనుకనే ప్రపంచపు తొలి బొగ్గుయుగంలో అంత బొగ్గు పోగుపడిందని 2012లో ఒక పరిశోధక బృందం వాదించింది. కాదు, చిత్తడినేలలు కుంగి చెట్లు బురదలో మునిగిపోవడమే కారణమని 2016లో ఇంకొకరు ఖండించారు. నాకు రెండో వాదమే బలంగా కనిపిస్తుంది. సింగరేణి బొగ్గు ఆ బూజులు పుట్టాక ఏర్పడినదే మరి. తినే నోరు పుట్టినంత మాత్రాన తిండి అంతా అయిపోదు, అది ఏ స్థితిలో వుందన్నదే తేలుస్తుంది. ప్లాస్టిక్ గుట్టలకూ ఇదే న్యాయం.

ఇప్పుడు 'రాక్షసి' మాటకు వస్తాను. ప్లాస్టిక్ రాక్షసి అయితే దాన్ని చంపే సూక్ష్మజీవి దేవత కావాలి. 'ప్రకృతి మాత తన గాయాన్ని తానే మాన్పుకుంటున్నది' అనే ధోరణి రచనలు చదివాను. రచయితల ఉద్దేశం మంచిదే. కాని ఈ దేవత కథ వల్ల లాభపడేది ప్లాస్టిక్ తయారీదారు. తల్లి తుడుస్తుందంటే పిల్లవాడు మానడు. ప్రకృతి మీద మనిషి సాధించిన ప్రతి గెలుపుకూ ప్రకృతి బదులు తీర్చుకుంటుందని ఎంగెల్స్ అన్నమాటను మనవాళ్ళు తరచు తలుచుకుంటారు. దాని తర్వాత ఆయన చెప్పినదాన్ని మాత్రం తలుచుకోరు. క్యూబాలో స్పానిష్ తోటల యజమానులు కొండవాలు అడవిని తగలబెట్టి, ఆ బూడిద బలంతో ఒక తరం కాఫీచెట్లకు సరిపడా లాభం తీసుకున్నారు. తర్వాత వానకు మట్టి కొట్టుకుపోయి రాయి తేలితే వాళ్ళకేమిటని ఆయన అడిగాడు. ఆయన చూపు అడవి మీద ఎంత వుందో యజమాని మీదా అంతే వుంది.

సూక్ష్మజీవికీ యజమాని వున్నాడు. ఫ్రాన్సులో కార్బియోస్ అనే కంపెనీ, ఆకుల ఎరువుకుప్పలో దొరికిన ఎంజైమును మెరుగుపరచి, 72 డిగ్రీల వేడిలో పెట్‌ను పది గంటల్లో నూటికి తొంభై వంతులు విరగ్గొట్టగలిగింది. 2020లో ఆ ఫలితం ప్రకటించారు. ఎరువుకుప్ప ఎవరి సొత్తూ కాదు, మెరుగుపరచిన ఎంజైము మాత్రం పేటెంటు సరుకు. విరిగిన ముక్కలతో మళ్ళీ కొత్త పెట్ చేయవచ్చు, పాలియెస్టర్ నేయవచ్చు. అది చవకై, 'కాలుష్యం లేని పాలియెస్టర్' అనే పేరు కూడా తెచ్చుకున్న రోజున మా ఊరి పత్తికి ధర ఏమవుతుందో పర్యావరణ కవితలు రాసేవాళ్ళు ఆలోచించాలి. నేను ఆ ఎంజైముకు వ్యతిరేకిని కాను. సీసాను తగలబెట్టడం కంటే అది వెయ్యి రెట్లు మెరుగు. కాని ఆ తొట్టిలోకి సీసా తనంత తాను నడిచిపోదు. ఎవరో ఏరాలి, రకాలుగా విడదీయాలి, కడగాలి, నూరాలి. ఆ పనిలో మొదటి చెయ్యి వీధుల్లో గోనెసంచి భుజాన వేసుకుని తిరిగే ఆడమనిషిది, చదువు మానిన పిల్లవాడిది. డూమ్‌వాచ్ లాంటి ప్రళయకథలో గాని, ప్రకృతి మాత కవితలో గాని వీళ్ళకు చోటు లేదు.

జిన్నింగు మిల్లుల్లోనూ అలాంటి చేతులే వున్నాయి. ఒకప్పుడు పత్తి గుడ్డ బోరాల్లో వచ్చేది, ఇప్పుడు ప్లాస్టిక్ సంచుల్లోనూ వస్తుంది. ఆ సంచి పోగు ఒక్కటి దూదిలో కలిసినా నూలులోకి, బట్టలోకి పోతుంది. బట్టకు రంగు వేసినప్పుడు అది పట్టదు, తెల్లగా పైకి తేలుతుంది. అందుకని పత్తిరాశి దగ్గర కూలి ఆడవాళ్ళను కూర్చోబెట్టి, దుమ్ములో, ముక్కుకు కొంగు కట్టుకుని, ఆ పోగుల్ని చేత్తో ఏరిస్తారు. ఆ పోగు పాలిప్రొపిలీన్, కర్బనం పక్కన కర్బనం. పక్కనున్న పత్తిని ముట్టకుండా దాన్ని మాత్రమే తినే సూక్ష్మజీవిని ఇంతవరకు ఎవరూ చూపించలేదు.